పిన్ని కాచిన జిగురు

సెలవులిచ్చి వారం తిరక్కుండానే పిల్లలిద్దరూ ఇల్లు పీకి పందిరేశారు. పరుపు మీద ఎగిరెగిరి అందులోని దూదంతా బయటికి తెచ్చారు. నాన్న గొడుగుని పడవ చేసి బాత్రూంలో ముంచారు. బాల్కనీలోంచి పోసిన నీళ్ళు కింది వాటా ఆవిడ ఆరేసుకున్న దుప్పట్ల మీద పడితే, ఆవిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, "ఇంకా ఎన్నాళ్ళున్నాయమ్మా మీ సెలవులు?" అని నీరసంగా అడిగి వెళ్ళిపోయింది.

నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొద్దున్నే పోతే ఏ రెండంతస్తుల మధ్య వేలాడుతున్నాడో ఎవరికీ తెలీదు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఒక కాలు చెప్పులో, ఇంకో కాలు గడప మీద పెట్టుకుని పెద్దదానికి అప్పగింతలు పెట్టేది.

"స్టవ్వు ముట్టుకోకు. ఎవరొచ్చినా తలుపు తియ్యకు. పాలు చల్లార్చి పాపకి ఇవ్వు. అది ఏడిస్తే ఎత్తుకో. నువ్వు మాత్రం ఏడవకు."

ఒకప్పుడు ఆ ఇంట్లో పాప అంటే పెద్దదే. చెల్లెలు పుట్టిన పూట ఆ పిలుపు ఉయ్యాల్లోకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి తనని "పెద్దది" అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు దానికి పదకొండేళ్ళు. జడ తనే వేసుకుంటుంది, పాపకీ వేస్తుంది. అమ్మకి తలనొప్పి వస్తే అడక్కుండానే కర్టెన్లు లాగుతుంది. "మా పెద్దది బంగారమండీ, దాని గురించి నాకు చింతే లేదు," అని అమ్మ పదిమందిలో చెబుతుంటే, పెద్దది వినపడనట్టు తల వంచుకుని, ఆ మాట లోపలెక్కడో భద్రంగా దాచుకునేది.

ఆ వేసవికి పిన్ని వచ్చింది. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో బైండింగు షాపు నుంచి తెచ్చిన కాగితాల కట్ట. పిన్ని అమ్మకి సొంత చెల్లెలు. పక్క ఊళ్ళో పుస్తకాలకి అట్టలు వేసే పని చేస్తుంది. బాబాయి పోయాక ఒక్కతే ఉంటోంది.

"సెలవులు అయ్యేదాకా ఇక్కడే ఉంటుంది," అంది అమ్మ, పెద్దదాని మొహంలోకి చూడకుండా సూట్‌కేసు లోపలికి లాగుతూ. "మీకు బోలెడు ఆటలు నేర్పుతుంది."

నేర్పింది కూడా. ఎండ ముదరకముందే బాల్కనీలో కుండీలు సర్దించి గింజలు వేయించింది. తడిపిన దుప్పటి కిటికీకి కట్టించి, మధ్యాహ్నం గదిని చల్లబరచడం నేర్పింది. టార్చిలైటుతో గోడ మీద నీడల నాటకం వేయించింది. అందులో పాప ఎప్పుడూ ఏనుగే, ఎందుకంటే దానికి ఇంకో జంతువు చెయ్యడం రాదు. ఒకళ్ళు ఒక వాక్యం, ఇంకొకళ్ళు ఇంకో వాక్యం చొప్పున కథ అల్లించింది. కథ ఎటు పోయినా పాప దాన్ని ఏనుగు దగ్గరికే లాక్కొచ్చేది. అన్నిటికంటే ముఖ్యంగా జిగురు కాయడం నేర్పింది.

మైదాపిండిని చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నటి సెగ మీద, గరిటె తిప్పడం ఆపకుండా కాయాలి. ఇంకా పల్చగా ఉందే అనిపించినప్పుడే దించెయ్యాలి. చల్లారేసరికి అదే చిక్కబడుతుంది. పిన్ని కాచిన జిగురుతో అతికించింది ఏదైనా సరే, తడి ఆరగానే కదిలేది. బైండింగు షాపులో ఆమె అట్టలేసిన పుస్తకాలు అలమరలో తమకి నచ్చినచోటికి జరుగుతుంటే, ఓనరు పొద్దున్నే విసుక్కుంటూ మళ్ళీ సర్దుకునేవాడు. ఇక్కడ పిల్లలు చేసిన కాగితం కప్పలు గెంతేవి. కాగితం పిట్టలు ఫ్యాను మీద వాలి, స్విచ్చు వేస్తే తిట్టుకుంటూ లేచిపోయేవి. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, "కాస్త కాళ్ళకడ్డం పడకండర్రా," అంటూ చీపురుతో వాటిని ఒక పక్కకి తోసేది.

కింది వాటా ఆవిడ మళ్ళీ మెట్లెక్కింది. ఈసారి ఆవిడ చేతిలో పళ్ళెం ఉంది.

"మీ కప్పలు మా బకెట్లో పడి నానిపోయాయమ్మా. ఎండలో పెట్టి తెచ్చాను. ఈ కుంటిదాని కాలు మాత్రం నా తప్పు కాదు, ముందే ఊడింది."

పెద్దది కాచిన జిగురుతో చేసిన మొదటి చేప కదల్లేదు. "చేతికి తొందరెక్కువైంది. వంట కాదు ఇది, కాపలా," అంది పిన్ని. రెండోసారి చేసిన చేప తోక ఆడించింది. పిన్ని దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "నా చెయ్యి వచ్చింది నీకు," అంది.

పిన్ని ఎందుకో పెద్దదాన్నే పక్కన పడుకోబెట్టుకునేది. తన ఇంటి ముచ్చట్లు చెప్పేది. వంటింటి కిటికీలోంచి రైళ్ళు కనిపిస్తాయట. వీధి చివరే పెద్ద గ్రంథాలయమట. దాని పక్కనే బడట.

"గదికి ఏ రంగు వేస్తే బాగుంటుందే?" అని అడిగిందోసారి.

"లేత పసుపు," అంది పెద్దది ఆవలిస్తూ.

"మరి బల్ల కిటికీ దగ్గరుండాలా, గోడవారగానా?"

"కిటికీ దగ్గరే. రైళ్ళు చూడొచ్చుగా."

పిన్ని దాని తల నిమిరింది. ఇంత పట్టించుకుని తనని ఏదైనా అడిగినవాళ్ళు పెద్దదానికి గుర్తులేరు. ఇంట్లో దాన్ని అడిగేవన్నీ పాప తిందా, పాప పడుకుందా అనే.

ఒక మధ్యాహ్నం పాపని నిద్రపుచ్చి, జిగురు గిన్నె కడుగుదామని వంటింటి వైపు వెళ్ళింది పెద్దది. లోపల అమ్మా పిన్నీ మాట్లాడుకుంటున్నారు. తలుపు ఓరగా వేసి ఉంది.

"సెలవులు అవగానే తీసుకెళ్తానక్కా. బడి మొదలయ్యేలోపు అలవాటు పడాలి కదా."

"తీసుకెళ్ళు. మాటిచ్చాను, తప్పను. నీ దగ్గర దానికేం లోటుండదు."

"మరి దానితో చెప్పావా? నువ్వు చెబితేనే బాగుంటుంది."

"ఆ, ఎప్పుడో చెప్పాను. సరేనంది."

"ఏడవలేదా?"

"లేదే. సంతోషంగా ఒప్పుకుంది."

పెద్దది గిన్నె గుండెలకి హత్తుకుని చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచింది. గదిలో పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పెద్దది మంచం అంచున కూర్చుని ఆలోచించింది. తనకి ఎవరూ ఏమీ చెప్పలేదు. తను దేనికీ ఒప్పుకోలేదు. అంటే పాపనే. ఐదేళ్ళది, దానికేం తెలుసు? ఐస్‌క్రీం ఇస్తానంటే చంద్రమండలానికైనా సరే అంటుంది. దాన్ని మాయచేసి ఒప్పించారన్నమాట.

సాయంత్రం నాన్న పనిముట్ల పెట్టె సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నాన్నా, పిన్ని వెళ్ళేటప్పుడు ఎవరైనా తనతో వెళ్తారా?"

నాన్న చేతిలోని స్క్రూడ్రైవరు ఒక్క క్షణం ఆగింది. తర్వాత తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని, ఉన్న పనిముట్లనే మళ్ళీ మళ్ళీ సర్దాడు.

"అమ్మని అడుగమ్మా," అన్నాడు.

అడగలేదు పెద్దది. అడిగితే మరీ జాగ్రత్తపడతారు. అడగకుండా చెయ్యాల్సింది ఒకటి తోచింది దానికి.

మర్నాడు పాప నిద్రపోతున్నప్పుడు రిబ్బనుతో దాని పొడవు కొలిచింది. చేతులు కొలిచింది, చిట్టి పాదాలు కొలిచింది. పాత దిండుని పొట్ట చేసి, అట్టముక్కలు చుట్టి కాళ్ళూ చేతులూ చేసి, వాటి మీద కాగితం మీద కాగితం అతికించింది. జిగురు తనే కాచింది. గరిటె ఒక్కసారి కూడా ఆపలేదు. చెయ్యి లాగేస్తున్నా ఆపలేదు.

"ఏంటే ఇంత పెద్దది చేస్తున్నావు?" అంది పిన్ని.

"సెలవులాఖర్న నాటకంలోకి."

పిన్ని కూర్చుని, కాగితాన్ని మెలిపెట్టి వేళ్ళు ఎలా చెయ్యాలో చూపించింది. చెవుల వెనక ఎలా నొక్కాలో చూపించింది. మొహం అయ్యాక కాస్త దూరం జరిగి చూసి, "అచ్చం చెల్లెల్లా ఉందే!" అంది.

"అలాగే ఉండాలి," అంది పెద్దది. ఈవిడ ఎంత నంగనాచి, అనుకుంది మనసులో. మా పాపని ఎత్తుకుపోవడానికి వచ్చి, దాని చెవులు చెయ్యడం నాకే నేర్పుతోంది. ఆ మాట అనుకున్నాక కళ్ళు మండాయి. ఎందుకంటే పిన్నిని తను ప్రేమించింది. ఆ వేసవి మొత్తంలో దానికి అన్నిటికంటే కష్టమైన పని, రోజూ పొద్దున్నే లేచి పిన్నితో నవ్వుతూ మాట్లాడటం.

కాగితప్పిల్ల ఆరడానికి చాలా ఎండ పట్టింది. ఒకనాటి పొద్దున బాల్కనీలో లేచి కూర్చుని, మోకాళ్ళ మీది కాగితాన్ని తడుముకుంది. అమ్మ దాన్ని చూసి, "ఇంకోటి తయారైందీ? దీన్నెక్కడ పడుకోబెట్టనురా దేవుడా," అని ఒక చాప పరిచింది. నాన్న దాన్ని వంటింటి ఆవిరికి దూరంగా జరిపాడు. పాప అయితే రోజంతా దాని చెయ్యి వదల్లేదు.

ఎవరూ లేనప్పుడు పెద్దది దానికి పాఠం చెప్పింది. "పిన్ని బయల్దేరేటప్పుడు నువ్వు వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకోవాలి. అమ్మా, వెళ్దామా, అనాలి. ఆవిడ మంచిదే. నీకు కథలు చెబుతుంది. రైళ్ళు చూపిస్తుంది." కాగితప్పిల్ల శ్రద్ధగా విని తలూపింది.

పిన్ని బయల్దేరే రోజు రానే వచ్చింది. కింద టాక్సీ హారను కొడుతోంది. పెద్దది పాపని మంచం కిందికి పంపి, "ఏనుగులా కదలకుండా పడుకో, నేను పిలిచేదాకా రాకు," అని చెప్పి, కాగితప్పిల్లకి పాప గౌను తొడిగి, చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చింది. ఇక్కడితో పాము చావాలి, కర్ర విరక్కూడదు.

"ఇదుగో, రెడీ," అంది.

అమ్మ కాగితప్పిల్ల వైపు చూడలేదు. పెద్దదాని కాళ్ళ వైపు చూసింది.

"నువ్వింకా చెప్పులేసుకోలేదేం? టాక్సీ వచ్చేసింది."

"నేనెందుకు?"

గడప పక్కన రెండు సూట్‌కేసులున్నాయి. ఒకటి పిన్నిది. రెండోది మూత సరిగా పడక కాస్త నోరు తెరుచుకుని ఉంది. అందులోంచి ఒక నీలం గౌను అంచు బయటికి కనిపిస్తోంది. అది తన గౌను. పెద్దది వంగి సూట్‌కేసు తెరిచింది. తన గౌన్లన్నీ ఇస్త్రీ చేసి ఉన్నాయి. తన రిబ్బన్లు, కళ్ళద్దాల పెట్టె, చలికాలం స్వెట్టరు. మండు వేసవిలో స్వెట్టరు పెట్టారంటే నాలుగు రోజుల ప్రయాణం కాదని అర్థం కావడానికి దానికి ఎక్కువసేపు పట్టలేదు.

"నన్నా?" అంది.

నాన్న కిటికీ దగ్గరికి వెళ్ళి, టాక్సీవాడికి ఆగమని చెయ్యి ఊపాడు. అవసరం లేకపోయినా ఊపుతూనే ఉన్నాడు.

పిన్ని మొహం పాలిపోయింది. "అదేంటక్కా? దానితో చెప్పానన్నావు."

"చెప్దామనే అనుకున్నానే. రోజూ అనుకున్నాను," అంది అమ్మ.

"ఒప్పుకుందన్నావు! ఏడవను కూడా లేదన్నావు! దీన్ని పక్కన పడుకోబెట్టుకుని గోడకి ఏ రంగు వెయ్యాలని అడిగాను నేను. అది చెప్పింది. తెలిసే చెబుతోందనుకున్నాను!"

పెద్దది అమ్మ వైపు తిరిగింది. "నాకెప్పుడు చెప్పావమ్మా?"

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. అవి తడిగా లేవు. "పిన్నికి పుట్టిన బిడ్డ పోయినప్పుడు నీ చెల్లి నా కడుపులో ఉంది. పిన్ని తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే చూడలేకపోయాను. ఏడవకే, నాకున్న ఇద్దర్లో ఒకళ్ళు నీకు, అన్నాను. ఆ మాట పట్టుకునే అది బతికింది. ఇప్పుడు కాదని ఎలా అనను?"

"ఇద్దర్లో నేనెందుకు?"

"పాప నన్ను వదిలి ఒక్క రాత్రైనా ఉండలేదు. నువ్వలా కాదు. నువ్వు పెద్దదానివి. ఎక్కడైనా సర్దుకుంటావు. నీ గురించి నాకు..." అమ్మ ఆగిపోయింది.

"చింతే లేదు," అని పూర్తిచేసింది పెద్దది.

ఇన్నేళ్ళూ తను చల్లార్చిన పాలూ, లాగిన కర్టెన్లూ, మింగిన ఏడుపులూ అన్నీ కలిసి తనని ఈ గడప దగ్గరికి తెచ్చి నిలబెట్టాయి. పరుపు చింపింది ఇద్దరూ కలిసే. ఏడ్చింది మాత్రం పాప ఒక్కతే. ఏడ్చినవాళ్ళు ఇంట్లో మిగులుతారని తనకి ఎవరూ చెప్పలేదు.

పెద్దది పిన్ని వైపు చూసింది. "కప్పలూ, నీడలూ, కథలూ... అన్నీ ఇందుకేనా?"

పిన్ని సూట్‌కేసు మీదే కూలబడింది. అబద్ధం ఆడి ఉంటే బాగుండేదేమో. ఆడలేదు.

"ఇందుకే వచ్చానే," అంది. "నువ్వు నాకు అలవాటవ్వాలని, నేను నీకు అలవాటవ్వాలని. కానీ నీకు తెలుసనుకున్నాను. ఒట్టు." అమ్మ వైపు చూడకుండానే అంది: "దీన్ని నేను తీసుకెళ్ళనక్కా. అడక్కుండా తెచ్చుకున్న పిల్ల రోజూ నా మొహంలోకి చూస్తుంటే నేను బతకలేను."

"మరి నా మాట?" అంది అమ్మ.

అప్పటిదాకా ఓపిగ్గా నిలబడ్డ కాగితప్పిల్ల, ఇదే సమయమనుకుందో ఏమో, గరగరమంటూ నడిచి వెళ్ళి పిన్ని చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, వెళ్దామా?" అంది.

పిన్నిని ఆ పిలుపుతో ఎవరూ ఎన్నడూ పిలవలేదు. ఆమె ఆ చేతిని చూసింది, తను మెలిపెట్టడం నేర్పిన వేళ్ళని చూసింది. మెల్లగా లేచి, కళ్ళు తుడుచుకుని, పిల్ల చెవి వెనక చెయ్యి పెట్టి చూసింది.

"ఇక్కడింకా ఆరలేదే," అంది. "వానలు మొదలయ్యేలోపు వార్నిషు వేయించాలి నీకు. పద."

గడప దాటుతూ ఒక్కసారి ఆగి పెద్దదాని వైపు తిరిగింది. పెద్దది చూపు తిప్పుకుంది. మెట్ల మీద రెండు జతల అడుగులు వినిపించాయి. ఒకటి బరువుగా, ఒకటి ఎండుటాకులా. కింద టాక్సీవాడి గొంతు: "కాగితప్పిల్లని కిటికీ పక్కన వద్దమ్మా, గాలికి లేస్తుంది. మధ్యలో కూర్చోబెట్టండి." తర్వాత తలుపు మూసిన చప్పుడు.

పెద్దది వెళ్ళి పాపని మంచం కింద నుంచి లాగింది. నిద్రపోయింది అది. దాన్ని భుజాన వేసుకుని, రెండో చేత్తో సూట్‌కేసు గదిలోకి ఈడ్చుకుపోయి, గౌన్లు ఒక్కొక్కటే తీసి అలమరలో పెట్టుకుంది. అమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. సాయం చెయ్యబోయింది. సాయం చెయ్యడానికి పెద్దది చోటు మిగల్చలేదు. అంత చకచకా సర్దేసింది.

మధ్యాహ్నం నలుగురూ అన్నాలకి కూర్చున్నారు. కప్పలొకటి రెండు బల్ల కింద గెంతుతున్నాయి. పాప కాగితప్పిల్ల ఏదని అడిగి, ఊరెళ్ళిందని నాన్న చెబితే కాసేపు అలిగి, ఊరుకుంది. అమ్మ ఎన్నడూ లేనిది పెద్దదానికే ముందు వడ్డించింది. దానికిష్టమైన కూర పాప కంచం దాటించి దాని కంచంలో వేసింది. దాని మొహంలోకి చూస్తూ, భయంభయంగా గరిటె ఎత్తి అడిగింది:

"ఇంకొంచెం వెయ్యనా అమ్మా?"

"వద్దండి," అంది పెద్దది. "నాకు సరిపోయింది. మీరు తినండి."

ఆ ఇంట్లో అమ్మని ఎవరూ 'మీరు' అనరు. నాన్న ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. అమ్మ చేతిలో గరిటె అలాగే గాల్లో ఉండిపోయింది. పెద్దది గొంతులో కోపం లేదు. ఆసుపత్రిలో దారి అడిగేవాళ్ళు నర్సుతో మాట్లాడినట్టు, ఎంతో మర్యాదగా అంది.

పాప పకపకా నవ్వింది. "అక్క అమ్మని మీరంటోంది! కొత్త ఆటా అక్కా? నేనూ ఆడతా!"

పెద్దది దాని మూతికంటిన మెతుకు తుడిచింది.

"నీకక్కర్లేదు," అంది. "నువ్వు తిను."